పాత విల్లీస్ జీపులో హీట్ వాల్వ్ బిగుసుకుంటే

కొరాపుట్, జయపురం వైపు ఇంకా పాత విల్లీస్ జీపులు నడుపుతున్న మనవాళ్లకు ఒక మాట. చలికాలం పొద్దున్నే ఇంజిన్ త్వరగా వేడెక్కక తడబడుతున్నా, ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్ మరిగి బండి ఆగిపోతున్నా, కార్బురేటర్ విప్పే ముందు, ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని హీట్ వాల్వ్ చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, పొగ వేడిని ఇన్‌టేక్ (గాలి, పెట్రోల్ లోపలికి వెళ్లే దారి) వైపు మళ్లించే చిన్న తలుపు అది. మొదటి దానికి అది తెరుచుకుని బిగుసుకోవడం, రెండో దానికి మూసుకుని బిగుసుకోవడం కారణం కావచ్చు.

సమాచారం వెతకడంలో పేరే అసలు చిక్కు. ఒక పుస్తకంలో ‘హీట్ రైజర్’ అంటారు, మరోదాంట్లో ‘హీట్ కంట్రోల్ వాల్వ్’. రెండు పేర్లతోనూ వెతకండి. యుద్ధకాలపు జీపుకైతే అమెరికా సైన్యం 1944లో వేసిన టీఎం 9-803 మాన్యువల్ స్కాన్ నెట్‌లో దొరుకుతుంది. ముందు మీ ఇంజిన్ ఏదో చూసుకోండి. సీజే-3బీ మోడల్ జీపులోని ఎఫ్-హెడ్ రకం (ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో ఉండే) ఇంజిన్‌కు ఇన్‌టేక్ దారి హెడ్‌లోనే పోత పోసి ఉంటుంది, ఆ మాన్యువల్‌లోని బొమ్మలు దానికి సరిపోవు.

వాల్వ్ ఇరుసు కదలకపోతే ఇంజిన్ చల్లారాక తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా ఉంచండి. తర్వాత ఇరుసు చివర చిన్న సుత్తితో అటూ ఇటూ మెల్లగా తట్టండి. తొందరపడి గట్టిగా కొట్టకండి, పోత ఇనుము పగిలితే ఆ పాత మానిఫోల్డ్ మళ్లీ దొరకడం కష్టం. మామూలు ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, మాడి మసి కట్టి మళ్లీ పట్టేస్తుంది.