హాట్ రాడ్‌కు ర్యాక్ స్టీరింగ్: అలైన్‌మెంట్ సరిగ్గానే ఉన్నా బండి పక్కకు లాగుతుంటే

పాత ఫోర్డ్, షెవర్లే బండ్లను మార్చి హాట్ రాడ్‌లుగా కట్టుకుంటూ, స్టీరింగ్ బాక్సు తీసేసి ర్యాక్ అండ్ పినియన్ (చిన్న పళ్లచక్రం తిరిగితే పళ్ల కడ్డీ పక్కకు జరిగే స్టీరింగ్) వేయాలనుకునేవారు ఎక్కువగా ఎంచుకునేది మస్టాంగ్-2 తరహా ముందు సస్పెన్షన్. ఫోర్డ్ 1974-78 మోడళ్లలో వాడిన ఆ అమరికను ఆధారం చేసుకునే ఇప్పటి కిట్లు చాలావరకు వస్తున్నాయి. అందులో ర్యాక్ చక్రాల మధ్యగీతకు ముందువైపు ఉంటుంది. కింద రాసినదంతా ఆ అమరికకే. మీ ర్యాక్ వెనకవైపు ఉంటే టో-ఇన్ (చక్రం ముందుభాగం లోపలికి తిరగడం) అన్నచోట టో-అవుట్ (బయటికి తిరగడం) అని, టో-అవుట్ అన్నచోట టో-ఇన్ అని తిప్పి చదువుకోండి.

పాత ఐ-బీమ్ ఇరుసును (రెండు ముందు చక్రాలనూ కలిపే ఒకే దూలం) అలాగే ఉంచి, ర్యాక్‌ను ఫ్రేముకు బిగించి, గుంత పడగానే బండి అడ్డదిడ్డంగా పోతోందంటే దానికి సర్దుబాటు లేదు. ఇరుసు మొత్తం లేచి దిగుతుంటే ర్యాక్ మాత్రం ఫ్రేముతో పాటే ఉంటుంది. ఆ ఇరుసే కావాలనుకుంటే షెవర్లే వేగా తరహా బాక్సుతో క్రాస్ స్టీరింగ్ (బాక్సు నుంచి ఎదుటి పక్క చక్రానికి అడ్డంగా కడ్డీ పోయే అమరిక) వేసుకోండి.

ఏ లక్షణమైనా ముందు ఇది

చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే మీరు కింద దూరి ర్యాక్ బాడీని చూడండి. పవర్ ర్యాక్ అయితే ఇంజన్ నడుస్తుండాలి. టై రాడ్లు (ర్యాక్ నుంచి చక్రాలకు పోయే కడ్డీలు) కదలకముందే ర్యాక్ బాడీ క్రాస్ మెంబర్ (ఫ్రేములోని అడ్డ దూలం) మీద పక్కకు జరిగిందంటే రబ్బరు బుష్‌లు పోయాయి, లేదా బోల్టులు వదులయ్యాయి. తర్వాత టై రాడ్ లాక్ నట్లు, కాలమ్ జాయింట్ల సెట్ స్క్రూలు చూడండి. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి మూడుసార్లు అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. బుష్ నలిగిపోయిన ర్యాక్‌కు టో ఎంత బాగా పెట్టినా రోడ్డెక్కగానే మారిపోతుంది.

స్టీరింగ్ ఒక చుట్టులో రెండుసార్లు బరువెక్కి, రెండుసార్లు తేలికవుతోంది

యూ-జాయింట్ల వల్ల, అంటే కాలమ్‌నూ ర్యాక్‌నూ కలిపే షాఫ్ట్‌లో వంగుతూ తిరిగే కీళ్ల వల్ల. ఒక జాయింట్ 30 డిగ్రీలు వంగితే షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండేసి సార్లు 0.87 రెట్లకూ 1.15 రెట్లకూ మారుతుంది. రెండో జాయింట్ అంతే కోణంలో ఉండి, మధ్య షాఫ్ట్ రెండు చివర్ల ఫోర్కులూ ఒకే వరుసలో ఉంటే ఆ తేడా రద్దవుతుంది. ఒక ఫోర్కు పావు చుట్టు తప్పితే తేడా రెట్టింపవుతుంది. మధ్య షాఫ్ట్‌ను బయటికి తీసి బల్ల మీద పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ హెడర్ తగలకుండా మూడో జాయింట్ వేస్తే మధ్యలో సపోర్టు బేరింగ్ తప్పనిసరి. అది లేకపోతే షాఫ్ట్ పక్కకు ఎగిరి తిరుగుతుంది. ఏ జాయింట్‌నూ 30-35 డిగ్రీలు దాటనివ్వకండి. సెట్ స్క్రూ మొన దిగేలా షాఫ్ట్ మీద చిన్న గుంత డ్రిల్ చేయండి. నున్నటి షాఫ్ట్ మీద ఒత్తిన స్క్రూ ఎప్పటికైనా జారుతుంది.

ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ తిరుగుతోంది

ర్యాక్ మధ్యలో లేదు. స్టీరింగ్ వీల్ వంకరగా కనబడిందని ఒక టై రాడ్ లోపలికి, రెండోది బయటికి తిప్పితే వచ్చే ఫలితమిదే. ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగం వెనక్కి తిప్పి ర్యాక్‌ను ఆపండి. రెండు టై రాడ్ల మరలూ సమానంగా పెట్టి టో సరిచేయండి. వీల్ వంకర ఉంటే కాలమ్ మీద నుంచి ఊడదీసి తిన్నగా పెట్టండి.

బ్రేకు వేస్తే ఒకవైపు లాగుతోంది, స్పీడ్ బ్రేకర్ మీద పక్కకు దూకుతోంది, అలైన్‌మెంట్ రిపోర్టు మాత్రం సరిగ్గా ఉంది

అసలు తిప్పలు పెట్టేది ఇదే. అందరూ బ్రేక్ కాలిపర్ మారుస్తారు, టైర్లు అటుదిటు వేస్తారు, క్యాస్టర్ (చక్రం ఎడమకు, కుడికి తిరిగే గీత వెనక్కి వాలిన కోణం) మారుస్తారు. బండి మాత్రం బ్రేకు వేస్తే ఎడమకు, యాక్సిలేటర్ గట్టిగా తొక్కితే కుడికి పోతూనే ఉంటుంది. ఈ జంట లక్షణం కనబడితే ర్యాక్ ఒక చివర ఎత్తుగా, ఒక చివర పల్లంగా ఉందేమో చూడండి.

ఎడమ చివర ఎత్తుగా ఉంటే ఆ టై రాడ్ బయటికి వెళ్లేకొద్దీ కిందికి వాలుతుంది. సస్పెన్షన్ నలిగినప్పుడు అది చక్రం ముందుభాగాన్ని బయటికి నెడుతుంది, అంటే టో-అవుట్. కుడి చివర పల్లంగా ఉంటే ఆ రాడ్ తన చక్రాన్ని లోపలికి లాగుతుంది, అంటే టో-ఇన్. చక్రాలు రెండూ ఎడమకే తిరిగాయి. ఒకటి బయటికి ఎంత పోయిందో మరొకటి లోపలికి అంతే వచ్చింది కాబట్టి మొత్తం టోలో మార్పే లేదు. బండిని నిలబెట్టి, మొత్తం టో ఒక్కటే చూసే అలైన్‌మెంట్‌కు ఇది ఎలా దొరుకుతుంది?

ఎంత వాలు ఎంత పని చేస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఒక్కో చివర ఉండాల్సిన ఎత్తు నుంచి తప్పిన తేడాను సస్పెన్షన్ కదలికతో గుణించి టై రాడ్ పొడవుతో భాగిస్తే రాడ్ చివర ఎంత జరిగిందో వస్తుంది. ఒక చివర 3 మి.మీ. పైకి, రెండో చివర 3 మి.మీ. కిందికి ఉందనుకోండి. రాడ్ 350 మి.మీ., సస్పెన్షన్ 50 మి.మీ. నలిగితే దాదాపు 0.43 మి.మీ. స్టీరింగ్ ఆర్మ్ 130 మి.మీ. అయితే చక్రం 0.19 డిగ్రీలు తిరుగుతుంది. 650 మి.మీ. టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య 2 మి.మీ. పైమాటే. రెండు చక్రాలూ ఒకే వైపు అంత తిరిగితే హైవే మీద బండి లేన్‌లో నిలవదు.

వాలు కొలవడంలోనే చాలామంది తప్పుతారు. గరాజ్ నేల నుంచి కొలవకండి. ర్యాక్ బాడీ మీద స్పిరిట్ లెవెల్ పెట్టకండి, అది పోత ఇనుమో అల్యూమినియమో, రెండు చివర్లా ఒకేలా ఉండదు. రెండు లోయర్ ఆర్మ్‌ల లోపలి బోల్టుల మధ్య తిన్నటి బద్ద కట్టండి. ర్యాక్ చివర్ల రబ్బరు బూట్లు వెనక్కి జరిపి, లోపలి బాల్ జాయింట్ కేంద్రం ఆ బద్దకు ఎంత ఎత్తులో ఉందో రెండువైపులా కొలవండి. తేడా 1 మి.మీ. దాటకూడదు.

తర్వాత బంప్ స్టీర్, అంటే సస్పెన్షన్ లేచి దిగినప్పుడు చక్రం తనంతట తిరగడం, చూడాలి. స్ప్రింగులు తీసేసి, ఫ్రేమును బండి మామూలుగా నిలబడే ఎత్తులో స్టాండ్ల మీద పెట్టండి. ర్యాక్ కదలకుండా కట్టేయండి. స్టీరింగ్ వీల్ కట్టేస్తే చాలదు, జాయింట్లలో కదలిక ఉంటుంది. హబ్‌కు చదునైన ప్లేటు బిగించి ముందూ వెనకా ఒక్కో డయల్ గేజ్ పెట్టండి. లోయర్ ఆర్మ్‌ను జాకీతో 10 మి.మీ. చొప్పున 50 పైకి, 50 కిందికి కదిపి, రెండు గేజ్‌ల తేడా మాత్రమే రాసుకోండి. ఎడమ, కుడి విడివిడిగా.

రెండు చక్రాలూ పైకి టో-అవుట్, కిందికి టో-ఇన్ అయితే ర్యాక్ మొత్తం ఎత్తుగా ఉంది. ఇందుకు తిరగబడితే పల్లంగా ఉంది. పైకి పోయినా కిందికి పోయినా టో-ఇన్నే వస్తే టై రాడ్లు పొట్టి, అంటే ఆ ఆర్మ్‌లకు ర్యాక్ వెడల్పు ఎక్కువైంది. పైకీ కిందికీ టో-అవుట్టే వస్తే ర్యాక్ వెడల్పు తక్కువ. పొడవు తేడా అయితే ఎత్తు మార్చి సరిచేయలేరు, ర్యాక్ మార్చాల్సిందే. ఒక చక్రం టో-ఇన్, మరొకటి అంతే టో-అవుట్ చూపితే అది వాలు.

సరిచేయడానికి వాషర్లు పనికిరావు. మస్టాంగ్-2 ర్యాక్ బోల్టులు ముందు నుంచి వెనక్కి అడ్డంగా పోతాయి, వాషర్ వేస్తే ర్యాక్ ముందుకు జరుగుతుంది గాని ఎత్తు మారదు. రంధ్రం మధ్యలో కాక పక్కకు ఉండే ఆఫ్‌సెట్ పాలీయురిథేన్ బుష్‌లు దొరుకుతాయి. వాటిని తిప్పి పెడితే ఆ చివర పైకో కిందికో జరుగుతుంది. బుష్‌తో తీరనంత వాలు ఉంటే, వెల్డింగ్ వేడికి మౌంటు గొట్టం లాగేసిందని అర్థం. దాన్ని కోసి, రెండు మౌంట్లలోనూ ఒకే తిన్నటి కడ్డీ దూర్చి, టాక్ వేసి (అక్కడక్కడా చుక్కలుగా అతికి), చల్లారాక మళ్లీ కొలిచి అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయండి. ఇంజన్ ఆయిల్ పాన్ తగులుతోందని ఒకవైపు మాత్రమే ర్యాక్ దించినవాళ్లు రెండో వైపూ అంతే దించాలి. స్టీరింగ్ ఆర్మ్‌ను గ్యాస్‌తో కాల్చి వంచే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ర్యాక్ జరిగితే కాలమ్ జాయింట్ కోణాలూ మారతాయి, వాటినీ టోనూ మళ్లీ చూడాలి.

మిగతావి

మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తిరిగి రాకపోతే టై రాడ్లు విప్పి చేత్తో తిప్పండి. అప్పుడూ బిగువుగా ఉంటే లోపం కాలమ్‌లోనో ర్యాక్‌లోనో ఉంది. తేలిగ్గా తిరిగితే క్యాస్టర్ తక్కువ. మాన్యువల్ ర్యాక్‌కు 1-2 డిగ్రీలు, పవర్‌కు 3-4 పెట్టి చూడండి. పవర్ ర్యాక్ వేలు ఆనించగానే తిరిగిపోతుంటే పంపు నుంచి నూనె ఎక్కువ వస్తోంది, జీఎం పంపును ఫోర్డ్ ర్యాక్‌కు కలిపినప్పుడు ఇది మామూలే. పంపు ఫ్లో వాల్వ్ మార్చాలి, లేదా లైనులో తగ్గించే వాల్వ్ వేయాలి. పంపు మూలిగితే గాలి ఉంది, ముందు చక్రాలు లేపి ఇంజన్ ఆపి అటూ ఇటూ చివరిదాకా తిప్పుతూ నూనె నింపండి. ర్యాక్ లోపల పళ్లు అరగడం కొత్త ర్యాక్‌లలో అరుదు, అన్నీ చూశాకే దాన్ని విప్పండి.