దగ్గు మందుకు లొంగని దగ్గు: బీపీ మాత్ర, బ్రాడీకైనిన్, ఏసీఈ ఎంజైమ్

సమస్య: వారాల తరబడి తగ్గని పొడి దగ్గు

గొంతులో ఏదో గీరుతున్నట్టు ఉంటుంది, కళ్లె పడదు, నడుం వాల్చగానే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, సిరప్ సీసాలు ఖాళీ అవుతున్నా ఉపశమనం ఉండదు. ఇలాంటప్పుడు రోజూ వేసుకునే బీపీ మాత్రల స్ట్రిప్‌ను వెనక్కి తిప్పి, సన్నని అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు చదవాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాగా అది ‘ప్రిల్’తో ముగిస్తే ముందుగా ఆ మాత్రనే అనుమానించాలి. మాత్ర మొదలుపెట్టి నెలలు గడిచాక దగ్గు రావడమూ ఉంది కనుక చాలామందికి ఈ రెండింటికీ ఉన్న సంబంధం తట్టదు.

కారణం

దెబ్బ తగిలిన చోట వాపును, నొప్పిని పుట్టించే సంకేత అణువులలో బ్రాడీకైనిన్ ఒకటి. బ్రెజిల్‌లో రోచా ఇ సిల్వా బృందం దీన్ని కనుగొని, 1949లో ప్రకటించింది. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వాటి గోడల గుండా ద్రవం ఊరేలా చేస్తుంది, నరాల కొసలను రెచ్చగొడుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరలో దండిగా ఉండే ఏసీఈ (యాంజియోటెన్సిన్ కన్వర్టింగ్ ఎంజైమ్) ఈ గొలుసును చివరి నుంచి రెండేసి అమైనో ఆమ్లాల చొప్పున కత్తిరించి నిర్వీర్యం చేస్తుంది. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్-2 తయారయ్యేది కూడా సరిగ్గా ఇదే కత్తిరింపుతో. ప్రిల్ మందు ఆ కత్తెరను పట్టి ఆపినప్పుడు రక్తపోటు తగ్గుతుంది గానీ, తెగవలసిన బ్రాడీకైనిన్ తెగక శ్వాసనాళాల్లో పేరుకుంటుంది. దగ్గుకు ప్రధాన కారణం ఇదేనని వైద్యులు భావిస్తారు.

పరిష్కారం

మాత్రను సొంతంగా మానేయకూడదు. గుండె బలహీనత ఉన్నవారికి అది మరింత ప్రమాదం. ఒక ప్రిల్ బదులు మరో ప్రిల్ వాడినా సాధారణంగా ఫలితం ఉండదు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి ‘సార్టాన్’ మందులు ఎంజైమ్ జోలికి పోకుండా యాంజియోటెన్సిన్-2 వచ్చి అతుక్కునే గ్రాహకాలను మాత్రమే అడ్డుకుంటాయి కాబట్టి, వైద్యులు ఎక్కువగా వాటికి మారుస్తారు. మార్చిన మర్నాడే దగ్గు పోదు. సాధారణంగా 1 నుంచి 4 వారాలు, కొందరికి 3 నెలల వరకు పడుతుంది.

సమస్య: పెదవులు, నాలుక వాయడం

ఇది అరుదు, కానీ ప్రాణాంతకం. అదే బ్రాడీకైనిన్ వల్ల, మందు మొదలైన ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. దురద, దద్దుర్లు సాధారణంగా ఉండవు. ఈ వాపు అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ వల్ల వచ్చింది కాదు కనుక అలర్జీ మాత్ర వేసుకుని ఎదురుచూడటం సరికాదు. మాత్ర ఆపి తక్షణమే అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఆపైన ఏ ప్రిల్‌నూ జీవితంలో ముట్టకూడదు. గుండె వైఫల్యానికి ఇచ్చే సాక్యుబిట్రిల్, బ్రాడీకైనిన్‌ను విడగొట్టే మరో ఎంజైమ్ నెప్రిలైసిన్‌ను అడ్డుకుంటుంది. ఇలా వాపు వచ్చినవారికి దాన్ని ఇవ్వరు; మిగిలినవారికి కూడా ప్రిల్ ఆపిన 36 గంటల తర్వాతే మొదలుపెడతారు.