ఆఫీసు ఫైల్ సర్వర్ తెరుచుకోవట్లేదా? లక్షణం నుంచి కారణం దాకా

ఆఫీసు ఫైళ్లన్నీ ఒకేచోట ఉంచి అందరికీ అందించే కంప్యూటరే ఫైల్ సర్వర్. "సర్వర్ పోయింది" అన్న మాట వినగానే చాలామంది చేసే మొదటి పని సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం. దయచేసి దాన్ని ఆఖరికి ఉంచుకోండి. ఆ క్షణంలో ఫైళ్లు తెరిచి పని చేసుకుంటున్న మిగతావాళ్ల పని పోతుంది, అసలు కారణం తాలూకు ఆనవాళ్లు కూడా చెరిగిపోతాయి. ఒకవేళ సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తాం.

నేను ముందుగా అడిగేవి మూడే. మీ ఒక్కరికేనా, పక్క సీటువాళ్లకూ రావట్లేదా? ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది, ఆ తర్వాత పాస్‌వర్డ్, కేబుల్, రూటర్, విండోస్ అప్‌డేట్ లాంటిది ఏదైనా మారిందా? తెర మీద అక్షరాలా ఏం రాసి ఉంది? మూడోదానికి "ఏదో ఎర్రర్ అండీ" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి, ఫోటో తీసి పంపమనండి. "దొరకలేదు" అనే ఎర్రర్ వేరు, "అనుమతి లేదు" అనే ఎర్రర్ వేరు. మొదటిది దారి సమస్య, రెండోది తాళం సమస్య. అనుమతి లేదని చెప్పిందంటే మీ కంప్యూటర్ సర్వర్ దాకా వెళ్లి తలుపు తట్టిందన్నమాట. ఇక కేబుళ్లు పీకి పెట్టడం, రూటర్ ఆపి వేయడం వృథా శ్రమ.

కింది ఉదాహరణల్లో సర్వర్ అడ్రస్ 192.168.1.10 అనుకుందాం. సర్వర్, మిగతా కంప్యూటర్లు విండోస్‌వే అనుకుందాం.

ఎవరికీ రావట్లేదు

లేచి సర్వర్ దగ్గరికి వెళ్లి చూడండి. చిన్న ఆఫీసుల్లో సర్వర్ అంటే చాలాసార్లు మూలన పెట్టిన మామూలు పీసీయే. దాని స్లీప్ సెట్టింగ్‌ను ఎవరూ మార్చి ఉండరు, కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే అది నిద్రలోకి జారుకుంటుంది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను "నెవర్" చేయండి. స్విచ్ లైట్లు వెలుగుతున్నాయా, సర్వర్ డిస్క్ నిండిపోయిందా అన్నవి కూడా ఒక్క నిమిషంలో చూసేయొచ్చు. డిస్క్ నిండితే ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ సేవ్ కావు.

సర్వర్ బాగానే నడుస్తోంది, అయినా ఎవరికీ రావట్లేదంటే దాని ముందే కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig, ఆ కంప్యూటర్ అడ్రస్ చూపించే కమాండ్) కొట్టండి. కరెంటు పోయి వచ్చాక రూటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చి ఉండొచ్చు. నిన్నటిదాకా చివర 10 ఉండేది, ఇవాళ 23 అయింది. అందరి డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లు మాత్రం ఇంకా 10 కోసమే వెతుకుతుంటాయి. రూటర్‌లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రసులు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టి ఆ సర్వర్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్ వచ్చేలా చేయండి. సర్వర్‌లోనే స్టాటిక్ (మారని) అడ్రస్ పెట్టేవాళ్లు అది రూటర్ పంచే అడ్రసుల పరిధికి బయట ఉండేలా చూసుకోండి. లేకపోతే అదే అడ్రస్ ఏదో ఒక రోజు ఎవరి ఫోనుకో వెళ్తుంది. అప్పుడు సర్వర్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. అలాంటి సమస్యను పట్టుకోవడం చాలా కష్టం.

పొద్దున ముందు వచ్చినవాళ్లకు తెరుచుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్లకు "నో మోర్ కనెక్షన్స్" అని వస్తుందా? మామూలు విండోస్ 10, విండోస్ 11 పీసీని సర్వర్‌గా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లకు మించి తీసుకోదు. సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, అందులో షేర్డ్ ఫోల్డర్స్, అందులో సెషన్స్ తెరిచి, ఖాళీగా ఉన్నవాటిని మూసేస్తే అప్పటికి గడుస్తుంది. కానీ మనుషులు పెరిగిన ఆఫీసుకు అది మందు కాదు. నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచడానికే చేసిన) పెట్టెకో విండోస్ సర్వర్ ఎడిషన్‌కో మారాల్సిందే.

ఒక్క కంప్యూటర్‌లోనే "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అంటోంది

80070035 అంకెలతో ముగిసే కోడ్ ఇక్కడ మామూలుగా కనిపిస్తుంది. ఆ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే దానికి రూటర్ నుంచి అడ్రస్ అందలేదు, విండోస్ తనంతట తానే ఒకటి పెట్టుకుంది. కేబుల్, స్విచ్ పోర్ట్ మార్చి చూడండి. అడ్రస్ 192.168.1 బదులు వేరే వరుసలో ఉంటే లాప్‌టాప్ గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయి ఉండొచ్చు. గెస్ట్ వైఫైలో ఇంటర్నెట్ చక్కగా వస్తుంది, ఆఫీసు సర్వర్ మాత్రం కనపడకుండా రూటరే అడ్డుగోడ కడుతుంది. "నెట్ వస్తోంది కదా" అని వైఫైని అనుమానించకుండా వదిలేయకండి.

అడ్రస్ సరిగ్గానే ఉంటే సర్వర్ పలుకుతోందో లేదో చూసే పింగ్ (ping) 192.168.1.10 కొట్టండి. జవాబు వస్తే మంచిదే. రాకపోయినా సర్వర్ చచ్చిపోయిందని తేల్చేయకండి, ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను ఆపే కాపలా) పింగ్‌కు జవాబివ్వకుండా ఆపి ఉండొచ్చు. నమ్మదగిన పరీక్ష పవర్‌షెల్‌లో ఉంది: టెస్ట్ నెట్‌కనెక్షన్ కమాండ్‌కు సర్వర్ అడ్రస్, పోర్ట్ 445 ఇవ్వండి (Test-NetConnection 192.168.1.10 -Port 445). విండోస్ ఫైల్ షేరింగ్ నడిచేది ఆ పోర్ట్ మీదే. "ట్రూ" అని వస్తే దారి తెరిచే ఉంది. "ఫాల్స్" అని వస్తే సర్వర్ వైపు ఫైర్‌వాల్ చూడాలి. మిగతావాళ్లకు వస్తుంటే ఈ కంప్యూటర్‌లోని యాంటీవైరస్ సంగతి చూడాలి.

సర్వర్‌లో తరచుగా కనిపించే తప్పు నెట్‌వర్క్ ప్రొఫైల్. కొత్త రూటర్ పెట్టగానే విండోస్ దాన్ని తెలియని నెట్‌వర్క్‌గా లెక్కేసి "పబ్లిక్" అని గుర్తించొచ్చు. పబ్లిక్ అయితే ఫైల్ షేరింగ్ మూసుకుంటుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో "ప్రైవేట్" చేసి, "ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్" ఆన్ చేస్తే చాలు. ఇంత చిన్న పనికి ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆపేసేవాళ్లున్నారు. పరీక్ష కోసం అని ఆపుతారు, మళ్లీ వేయడం మర్చిపోతారు. ఆ పద్ధతి అలవాటు చేసుకోకండి.

ఇక పేరు సంగతి. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో సర్వర్ పేరు కొడితే రావట్లేదు, \\192.168.1.10 అని కొడితే వస్తోంది. అంటే సర్వర్, కేబుల్, ఫైర్‌వాల్ అన్నీ బాగున్నాయి, పేరును అడ్రస్‌గా మార్చే పని ఒక్కటే జరగట్లేదు. ఐపీకాన్ఫిగ్‌కు ఫ్లష్ డీఎన్‌ఎస్ స్విచ్ ఇచ్చి (ipconfig /flushdns; డీఎన్‌ఎస్ అంటే పేరుకు అడ్రస్ చెప్పే ఏర్పాటు) పాత జ్ఞాపకం తుడిచేసి మళ్లీ ప్రయత్నించండి. డొమైన్ (అందరి లాగిన్లనూ ఒకేచోట నుంచి చూసుకునే ఏర్పాటు) ఉన్న ఆఫీసులో అయితే ఆ కంప్యూటర్ డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 లాంటి బయటి అడ్రస్ పెట్టారేమో చూడండి. మీ సర్వర్ పేరు బయటివాళ్లకు తెలిసే అవకాశమే లేదు. అక్కడ లోపలి డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రసే ఉండాలి. డొమైన్‌లో గడియారం కూడా చూడండి, కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ తిరస్కరిస్తుంది.

పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ అడుగుతోంది

ఒక ఆఫీసులో కొత్తగా చేరిన ఆవిడకు ఇదే సమస్య. "కరెక్ట్ పాస్‌వర్డే సార్, పొద్దున లాప్‌టాప్ కూడా దాంతోనే తెరిచాను" అన్నారు. అడ్మిన్ ఆవిడ పాస్‌వర్డ్ రెండుసార్లు రీసెట్ చేశారు, అయినా అంతే. పక్కన నిలబడి ఒక్కసారి కొట్టి చూపించమన్నాను. బాక్సులో ఆరు నల్ల చుక్కలు పడ్డాయి, ఎంటర్ కొట్టేశారు. ఆ ఆఫీసులో పాస్‌వర్డ్ కనీసం పది అక్షరాలుండాలి. ఆవిడ కొడుతున్నది విండోస్ పిన్. పిన్ ఆ లాప్‌టాప్ తాళం మాత్రమే, నెట్‌వర్క్‌లో సర్వర్ దాన్ని గుర్తించదు. సర్వర్‌లో ఆవిడకున్న అకౌంట్ పేరు, దాని అసలు పాస్‌వర్డ్ కొట్టగానే ఫోల్డర్ తెరుచుకుంది. అప్పటినుంచి ఈ ఫిర్యాదు వస్తే మొదట చుక్కలు లెక్కపెడతాను.

అది కాకపోతే పాత పాస్‌వర్డ్ ఎక్కడో దాక్కుని ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద సర్వర్ పేరుతోనూ, అడ్రస్‌తోనూ ఉన్న ఎంట్రీలు రెండూ తీసేయండి. ఒకటి తీసి ఇంకొకటి మర్చిపోవడం మామూలు. "ఒకే సర్వర్‌కు ఒకటికంటే ఎక్కువ యూజర్ పేర్లతో కనెక్షన్లు కుదరవు" అనే 1219 ఎర్రర్ వస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ (net use) కొట్టి, ఉన్న కనెక్షన్లు చూసి, పాతదాన్ని డిలీట్ చేసి, సరైన పేరుతో మళ్లీ కనెక్ట్ అవ్వండి.

పాస్‌వర్డే పెట్టుకోని అకౌంట్‌తో కూడా నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ పెట్టండి, అంతే.

ఇంకో సంగతి: ఏళ్లుగా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకున్న నాస్ ఫోల్డర్ విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అప్‌డేట్ తర్వాత తెరుచుకోవడం ఆగిపోయిందా? ఆ వెర్షన్ నుంచి గెస్ట్‌గా లోపలికి వెళ్లడాన్ని విండోస్ డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. నెట్‌లో వెతికితే దాన్ని మళ్లీ అనుమతించే రిజిస్ట్రీ మార్పులు బోలెడు దొరుకుతాయి. వాటి జోలికి పోకండి. నాస్‌లో ప్రతి మనిషికీ ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టండి, దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. పది మంది ఆఫీసుకు అది గంట పని.

తెరుచుకుంటోంది కానీ "యాక్సెస్ డినైడ్"

ఒక షేర్డ్ ఫోల్డర్‌కు రెండు కాపలాలుంటాయి. షేరింగ్ ట్యాబ్‌లోది ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లోది ఇంకొకటి. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో "రీడ్" మాత్రమే ఇచ్చి సెక్యూరిటీలో "ఫుల్ కంట్రోల్" ఇచ్చినా ఆ మనిషి నెట్‌వర్క్ నుంచి చదవగలడే గానీ సేవ్ చేయలేడు. ఫైళ్లు తెరుచుకుని సేవ్ కావట్లేదంటే, డిస్క్ నిండలేదని తేలాక చూడాల్సింది ఇదే. అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీలో ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ ఉంది. అక్కడ యూజర్ పేరు ఇస్తే సెక్యూరిటీ వైపు నుంచి అతనికి ఏం దక్కుతోందో చూపిస్తుంది.

యూజర్‌ను ఇప్పుడే కొత్త గ్రూపులో చేర్చారా? సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ గ్రూపు హక్కులు రావు. "పెట్టాను కదా, ఇంకా రావట్లేదేంటి" అని పర్మిషన్లు పెంచుకుంటూ పోవడానికి ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది కట్-పేస్ట్. లెక్కలు చూసే ఆయన తన ప్రైవేట్ ఫోల్డర్‌లోని ఒక ఫోల్డర్‌ను అందరి కోసం కామన్ ఫోల్డర్‌లోకి మార్చారు. ఆయనకు తెరుచుకుంటోంది, మిగతా ఎవరికీ రావట్లేదు. పక్కనున్న ఫోల్డర్లన్నీ బాగానే ఉన్నాయి. కారణం ఏంటంటే, ఒకే డ్రైవ్‌లో మూవ్ చేస్తే ఫోల్డర్ తన పాత పర్మిషన్లను వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేస్తే కొత్త చోటు పర్మిషన్లు తీసుకుంటుంది. ఆ ఫోల్డర్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీలో ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ పర్మిషన్లు కిందికి రావడం) ఆపి, పాత ఎంట్రీలు తీసేసి, అదే విండోలో మళ్లీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేసి, లోపలి ఫైళ్లకూ వర్తించేలా టిక్ పెట్టి అప్లై చేస్తే సరిపోయింది. ఇంకా తేలిక దారి: కాపీ చేసి, బాగుందని చూసుకుని, పాతది తీసేయడం.

"ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్" మాత్రం ఇవ్వకండి. అప్పటికి ఫోన్లు ఆగుతాయి నిజమే. కానీ ఒక్క లాప్‌టాప్‌కు ఫైళ్లను తాళం వేసే వైరస్ తగిలితే, ఆ లాప్‌టాప్ చెయ్యి ఎక్కడిదాకా చాస్తే అక్కడిదాకా ఫైళ్లన్నీ పోతాయి. ఆ చెయ్యి ఎంత దూరం పోవాలో నిర్ణయించేది ఈ పర్మిషన్లే.

ఫైల్ "రీడ్ ఓన్లీ" అని తెరుచుకుంటోంది

చాలాసార్లు ఇంకొకరు తెరిచి ఉంచి భోజనానికి వెళ్లారు. సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే పేరు కనిపిస్తుంది. అక్కడినుంచే మూసేయొచ్చు గానీ ముందు వాళ్లకు ఫోన్ చేయండి, సేవ్ చేయని పని పోతుంది. ఎవరూ తెరవకపోయినా అలాగే అంటుంటే, ఫైల్ పక్కనే ~$తో మొదలయ్యే దాగిన చిన్న ఫైల్ మిగిలిపోయిందేమో చూసి తీసేయండి.

వస్తోంది కానీ నత్తనడక

పెద్ద ఫైల్ ఒకటి కాపీ చేస్తూ వేగం గమనించండి. సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతే, ఆ లైన్ గిగాబిట్ బదులు 100 మెగాబిట్‌కు పడిపోయినట్టే. గిగాబిట్‌లో అయితే 110 దాకా వెళ్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ చూసి నిర్ధారించుకోండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందుకే 100కు అక్కర్లేని జతల్లో ఒక తీగ తెగితే కనెక్షన్ పోదు, నెమ్మదిస్తుంది. ఒకచోట కుర్చీ చక్రం రోజూ కేబుల్ మీదుగా వెళ్లేది. వేలితో తడిమితే ఒకచోట చదునుగా తగిలింది. ఆ కేబుల్ మార్చగానే స్టేటస్‌లో 1.0 జీబీపీఎస్ కనిపించింది. పాత కేబుల్‌ను అక్కడే కత్తిరించి పారేశాం, ఎవరూ మళ్లీ తీసి వాడకుండా.