టీవీ రికార్డింగ్‌తో చేసిన డీవీడీ ఇంట్లో ప్లేయర్‌లో ఆడకపోతే: సమస్య - పరిష్కారం

ఫ్రీ డిష్ బాక్సుకు పెన్‌డ్రైవ్ తగిలించి శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణం రికార్డు చేసుకోవడం సులువే. దాన్ని ఊళ్లో పెద్దవాళ్ల పాత డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా డిస్క్ చేయడంలోనే ఉన్నాయి చిక్కులన్నీ. ఆడకపోతే అందరూ ముందు ఖాళీ డిస్క్ నాసిరకమని తిడతారు. నేను చూసినంతవరకు చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, బాక్సు రాసిచ్చిన టీఎస్ ఫైలుది, అంటే ప్రసారాన్ని ఉన్నదున్నట్టు దాచిన ఫైలుది.

లోపం ఉండగలిగే చోట్లు మూడే: అసలు రికార్డింగ్, దాంతో తయారైన వీడియో_టీఎస్ ఫోల్డరు (డీవీడీకి కావలసిన ఫైళ్లుండేది), రాసిన డిస్క్. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌తో మూడింటినీ అదే వరసలో ఆడించి చూడండి. లోపం మొదట ఎక్కడ కనిపిస్తే మరమ్మతు అక్కడ. ఒక్క జాగ్రత్త: వీఎల్‌సీ ఏది పెట్టినా ఆడించేస్తుంది, ఇంటి ప్లేయర్ అలా కాదు. వీఎల్‌సీలో ఆడిందంటే ఫైలు డీవీడీ నియమాలకు లోబడి ఉందని కాదు.

రికార్డింగ్ కంప్యూటర్‌లోనే తెరుచుకోవడం లేదు

డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులు రికార్డింగ్‌ను తాళం వేసి దాస్తాయి, ఆ బాక్సులో తప్ప ఆడదు. దీనికి మందు లేదు. ఉచిత చానళ్ల బాక్సు అయితే, ఎక్కువసేపు సాగిన కార్యక్రమం పెన్‌డ్రైవ్‌లో ముక్కలై ఉందేమో చూడండి. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి బాక్సు మధ్యలో తెంపి కొత్త ఫైలు మొదలుపెడుతుంది. ఈ ముక్కలను ఎడిటింగ్ ప్రోగ్రాంలో పక్కపక్కన పేర్చకండి, అతుకు దగ్గర గొంతు ఎగిరిపోతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆదేశానికి స్లాష్ బీ చేర్చి, వరస తప్పకుండా ఒకే ఫైలుగా కలపండి.

మొదట్లో బాగానే ఉంది, పోనుపోను పెదవులకూ మాటకూ పొంతన లేదు

అందరినీ ఎక్కువగా విసిగించేది ఇదే. ప్రసారం 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. మబ్బు పట్టినా, డిష్ కాస్త కదిలినా కొన్ని ప్యాకెట్లు రాలిపోతాయి. బొమ్మకూ శబ్దానికీ ఏ క్షణంలో వినిపించాలో, కనిపించాలో చెప్పే సమయపు గుర్తులు ఆ ప్రవాహంలోనే ఉంటాయి. వాటిని చూసుకుంటూ ఆడుతుంది కాబట్టి సెట్‌టాప్ బాక్సు రాలిన చోట సర్దుకుపోతుంది. డీవీడీ చేసే ప్రోగ్రాం బొమ్మను ఒక ఫైలుగా, శబ్దాన్ని ఒక ఫైలుగా విడదీసినప్పుడు ఆ గుర్తులు పోతాయి. పోయిన శబ్దం మేర తర్వాతి మాటలన్నీ ముందుకు జరుగుతాయి. ఇంకోచోట మళ్లీ రాలితే ఇంకాస్త జరుగుతాయి. మాంగల్యధారణ వేళకు మేళం ఒకటి, దృశ్యం ఒకటి.

ఎంపెగ్-2 (బొమ్మను కుదించే పాత పద్ధతి) చానల్ అయితే ఉచితంగా దొరికే ప్రాజెక్ట్ ఎక్స్ ప్రోగ్రాంలో ఫైలును పెట్టి విడదీయండి. అది సమయపు గుర్తులు చదివి, శబ్దం లేనిచోట నిశ్శబ్దం నింపుతుంది. చెడిపోయిన ఫ్రేములను తీసేసి, ఎక్కడేం చేసిందో లాగ్‌లో రాస్తుంది. ఫ్రీ డిష్‌లో కొత్త పద్ధతి ఎంపెగ్-4 చానళ్లు కూడా ఉన్నాయి, వాటికి ఇది పనికిరాదు. అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో మార్చుతూ, శబ్దాన్ని సమయానికి సర్దే అసింక్ ఆప్షన్ వాడాలి. ఏ చానల్ ఏ రకమో మీడియాఇన్ఫో ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే తెలుస్తుంది. ఏ దారైనా మరమ్మతు ముందు, ప్రకటనలు కత్తిరించడం తర్వాత.

మొదటి నిమిషం నుంచి చివరిదాకా తేడా ఒకేలా ఉంటే సంగతి వేరు. అది ఆలస్యం మాత్రమే. శబ్దాన్ని అన్ని మిల్లీసెకన్లు జరిపితే చాలు.

ఇదే కుటుంబానికి చెందిన వింత ఇంకోటి ఉంది. ఆ సమయపు గడియారం దాదాపు 26.5 గంటలకొకసారి సున్నాకు వస్తుంది. మీ రికార్డింగ్ మధ్యలో ఆ సున్నా పడిందంటే నిడివి ఏదో విడ్డూరంగా కనిపిస్తుంది, ముందుకు జరిపితే జరగదు. కంగారు పడక్కర్లేదు, పైన చెప్పిన మరమ్మతే దీనికీ.

కంప్యూటర్‌లో ఆడుతుంది, ప్లేయర్ ‘నో డిస్క్’ అంటుంది

టీఎస్ ఫైలును ఉన్నదున్నట్టు డిస్క్‌లోకి కాపీ చేసి ఉంటారు. పాత ప్లేయర్‌కు కావలసింది డిస్క్ తెరవగానే కనిపించే వీడియో_టీఎస్ ఫోల్డరు, అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు. ఆ ఫోల్డరును డీవీడీ స్టైలర్ ప్రోగ్రాం తయారుచేస్తుంది. దాన్ని ఇంకో ఫోల్డరు లోపల పెట్టి రాసినా ప్లేయర్‌కు కనిపించదు. ఇదంతా సరిగ్గానే ఉంటే డిస్క్‌ను ఫైనలైజ్ చేశారా (రాత ముగించి మూసేశారా) చూడండి. ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) డిస్క్‌ను కొన్ని పాత ప్లేయర్లు గుర్తించవు. డ్రైవ్ ఒప్పుకుంటే బుక్ టైపును (డిస్క్ ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తును) డీవీడీ-రోమ్‌గా పెట్టి రాయండి, లేదంటే మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్) డిస్క్ కొనండి.

బొమ్మ చెదిరింది, లేదా మనుషులు సాగినట్టున్నారు

మన పాల్ టీవీ పద్ధతి డీవీడీలో నిండు బొమ్మ కొలత 720×576. 704×576, 352×576, 352×288 కూడా చెల్లుతాయి. చానళ్లు మాత్రం బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం 544×576 లాంటి కొలతలతోనూ పంపుతాయి. తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా దాన్నే డిస్క్‌లోకి ఎక్కిస్తే కొన్ని ప్లేయర్లు తిరస్కరిస్తాయి, కొన్ని కంగాళీ చేస్తాయి. 720×576కు మార్చక తప్పదు. కొలత సరిగ్గానే ఉన్నా మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే 16:9 బొమ్మకు 4:3 అని గుర్తు పడింది. డీవీడీ స్టైలర్‌లో నిష్పత్తి సరిచేసి ఫోల్డరును మళ్లీ తయారుచేయండి.

కదలికల్లో కుదుపు

టీవీ ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా పంపుతుంది, వాటినే ఫీల్డులంటారు. ఆ ఫీల్డుల వరస తారుమారైంది. టీవీ ప్రసారంలో సాధారణంగా పై ఫీల్డు ముందు వస్తుంది, ఎన్‌కోడర్‌లో అదే ఉంచండి. హెచ్‌డీ రికార్డింగ్‌ను కుదించేటప్పుడు అది ఇంటర్లేస్డ్ (ఇలా ఫీల్డులుగా ఉన్నది) అని ప్రోగ్రాంకు చెప్పకపోతే ఫీల్డులు కలిసిపోయి గీతలు పడతాయి.

మాట వినిపించదు

శబ్దం డీవీడీలో చెల్లని ఏఏసీ పద్ధతిలో ఉండి ఉంటుంది. ఏసీ3కి, 48 కిలోహెర్ట్జ్‌కు మార్చండి.

చివరి అరగంటలో ఆగి ఆగి వస్తుంది

డిస్క్ లోపలి నుంచి అంచు వైపు రాయబడుతుంది, తప్పులు ఎక్కువగా పడేది అంచునే. 4.7 జీబీ అని రాసి ఉన్నది కంప్యూటర్ లెక్కలో 4.37 మాత్రమే. దాన్ని అంచుదాకా నింపకుండా కాస్త వదలండి. 2 గంటల కార్యక్రమానికి శబ్దంతో కలిపి సెకనుకు 5 మెగాబిట్లు, 3 గంటలకు 3.2 దాకా పెట్టొచ్చు. 3 గంటలదైతే 352×576 వాడడమే నయం, అంత తక్కువ బిట్‌రేట్‌లో నిండు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. రాసే వేగం 4 ఎక్స్ చాలు, 16 ఎక్స్‌కు ఆశపడొద్దు.

అయినా ఆగితే అదే ఫోల్డరును ఇంకో డిస్క్‌కు రాసి చూడండి. సరిగ్గా అదే నిమిషంలో ఆగితే లోపం ఫైలులో ఉంది, మళ్లీ మరమ్మతు దగ్గరికి వెళ్లాలి. వేరేచోట ఆగితే డిస్క్‌నో, దుమ్ము పట్టిన లెన్సునో అనుమానించాలి. ఈ పరీక్షకు చెరిపి మళ్లీ రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్క్ వాడితే డబ్బు మిగులుతుంది. కాకపోతే కాంతిని అది తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి మరీ పాత ప్లేయర్లు దాన్ని అసలు చదవకపోవచ్చు.