పాత నాణేల సేకరణలో ఎదురయ్యే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

పాత నాణెం చేతికి రాగానే దాన్ని తోమి మెరిపించాలనిపించడం సహజమే కానీ, ఈ అభిరుచిలో సరిదిద్దలేని నష్టాలు చాలా వరకు ఆ తొందర వల్లనే జరుగుతాయి. కాబట్టి సమస్య ఏదైనా, ముందుగా నాణేన్ని 0.01 గ్రాము వరకు చూపే త్రాసులో తూచి, వ్యాసం కొలిచి, రెండు వైపులా ఫొటో తీసిన తరువాతే మరో పనికి పూనుకోవాలి.

సమస్య: రాగి లేదా కంచు నాణెం ఆకుపచ్చగా మారింది.

ఈ పచ్చదనం అంతా ఒకటి కాదు. నునుపుగా, గట్టిగా లోహానికి అంటిపెట్టుకుని ఉన్న పొర చిలుము. అది నాణేన్ని కాపాడుతుంది కనుక దాని జోలికి పోకూడదు. పచ్చదనం జిగటగా ఉంటే, నాణెం చాలాకాలం పీవీసీ కవరులో ఉండి ఉంటుంది. ఆ ప్లాస్టిక్ పాతబడే కొద్దీ వెలువడే ఆమ్లం లోహాన్ని తినివేస్తుంది. అటువంటి నాణేన్ని, గాలి ఆడే చోట, మంటకు దూరంగా, స్వచ్ఛమైన అసిటోన్‌లో కొంతసేపు ఉంచి, రుద్దకుండా ఆరనిచ్చి, మైలార్ (పీవీసీ లేని పాలిస్టర్ ప్లాస్టిక్) కవరులోకి మార్చాలి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు.

ఇక లేత పచ్చని పొడి చిన్న గుంటల్లోంచి రాలుతూ, తుడిచిన కొద్దీ మళ్లీ పుట్టుకొస్తుంటే అది కంచు రోగం. పేరుకు రోగమే అయినా అందులో క్రిమి ఏదీ లేదు. లోహంలో చేరిన క్లోరైడు లవణాలు గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో చర్య జరపడమే దానికి కారణం. నాణేన్ని విడిగా పెట్టి, వారాల తరబడి నీరు మారుస్తూ స్వేదనజలంలో నానబెట్టి, పూర్తిగా ఆరిన తరువాత సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచి, పొడి మళ్లీ కనిపిస్తుందేమో గమనిస్తూ ఉండాలి.

సమస్య: అయస్కాంతానికి అంటలేదు, అయినా వెండేనా అన్న అనుమానం తీరలేదు.

అనుమానం సబబే. అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే అది వెండి కాదని తేలుతుంది. అంటుకోకపోతే ఏమీ తేలదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, సీసం కూడా అంటుకోవు. నాణేన్ని గాలిలో తూచి, దారంతో నీటిలో వేలాడదీసి మళ్లీ తూచి, మొదటి తూకాన్ని, నీటిలో ఎంత తూకం తగ్గిందో ఆ తేడాతో భాగించాలి. శుద్ధమైన వెండికి 10.49 వస్తుంది, రాగి కలిసిన కొద్దీ తగ్గుతుంది. 9 కంటే తక్కువ వస్తే వెండి అని చెప్పుకోవడానికి ఆధారం లేదు. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద బుడగల గుంటలు ఉంటే అది అచ్చు కొట్టినది కాక పోత పోసిన నకిలీ కావచ్చు.

సమస్య: నాణెం మీది సంవత్సరం అర్థం కావడం లేదు.

అరబిక్ అంకెలలో 5 మన సున్నలా గుండ్రంగా ఉంటుంది, సున్న మాత్రం చుక్క; కొత్తవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే. హిజ్రీ (ఇస్లామిక్ శకం) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం ఇంచుమించుగా వస్తుంది: 1300 అంటే 1883 ప్రాంతం. థాయ్ నాణేలపై బౌద్ధ శకం ఉంటే 543 తీసివేయాలి. సంవత్సరం చదవగలిగినంత మాత్రాన తయారైన కాలం తెలిసిపోదు: ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న థాలర్ అనే వెండి నాణేన్ని ఆమె మరణానంతరం కూడా వేర్వేరు టంకశాలలు 1780 అనే అంకెతోనే ముద్రిస్తూ వచ్చాయి. అది నకిలీ కాదు, పునర్ముద్రణ.

సమస్య: ఇది టంకశాల పొరపాటా, ఆ తరువాత ఎవరైనా చేసిన పనా?

అంచు కొరికినట్లు ఉంటే, సరిగ్గా దానికి ఎదురు అంచును చూడండి. ముద్రణకు ముందే బిళ్ల తెగి ఉంటే అక్కడ కూడా అంచు తరచుగా బలహీనంగా కనిపిస్తుంది. తరువాత కత్తిరించినదైతే అక్కడ లోపం ఉండదు. రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం దాదాపు ఎప్పుడూ రెండు నాణేలను తొలిచి అమర్చినదే. భూతద్దంతో చూస్తే అంచుకు లోపలి వైపు సన్నని అతుకు గీత సాధారణంగా దొరుకుతుంది.