ధర, సంఖ్య, మొత్తం: పద సమస్యలను సమీకరణాలుగా రాయడం (3వ పాఠం)

గత పాఠంలో ఒకే చలరాశి ఉన్న సమీకరణాలను సాధించడం నేర్చుకున్నాము. సమీకరణం రాసి ఇస్తే తడబడకుండా సాధించేవారు కూడా అదే విషయాన్ని మాటల్లో చెప్పినప్పుడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంటారు. తాము పెట్టుకున్న అక్షరం దేనికి గుర్తో తేల్చుకోకుండానే లెక్కలోకి దిగడం ఇందుకు ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం. అందువల్ల ఈ పాఠంలో ఎక్కువ భాగాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ఈ సమస్యను చూడండి. ఒక్కొక్కటి 12 రూపాయల చొప్పున కొన్ని కలాలు, 35 రూపాయల చొప్పున కొన్ని నోటుపుస్తకాలు, వెరసి 20 వస్తువులు కొని 447 రూపాయలు చెల్లించారు. కలాలు ఎన్ని, పుస్తకాలు ఎన్ని?

చాలామంది కలాలకు ‘క’ అని, పుస్తకాలకు ‘పు’ అని రాసుకుని మొదలుపెడతారు. తర్వాత మొత్తం వస్తువులు 20 కనుక క + పు = 20 అని, మొత్తం సొమ్ము 447 కనుక క + పు = 447 అని రాస్తారు. రెండు సమీకరణాలలోనూ ఎడమ పక్షం ఒక్కటే. అది ఒకేసారి 20కీ 447కీ సమానం కాలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మొదటి సమీకరణంలో ‘క’ కలాల సంఖ్యకు గుర్తు, రెండవ దానిలో అదే ‘క’ కలాలకు అయిన ఖర్చుకు గుర్తు. రాసినవారు ‘క అంటే కలాలు’ అని మాత్రమే అనుకున్నారు కాబట్టి ఈ మార్పు వారి కంటబడలేదు. అక్షరం ఎప్పుడూ ఒక సంఖ్యకే గుర్తు, వస్తువుకు కాదు.

ఈ కారణం చేతనే వస్తువు పేరులోని మొదటి అక్షరాన్ని చలరాశిగా వాడవద్దని చెబుతాను. మన ప్రాచీన గణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు. ఎంతో అంత అని దాని అర్థం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో దానినే ‘యా’ అని కుదించి రాశాడు. రెండవ తెలియని రాశికి ‘కాలక’ అనే రంగు పేరు నుంచి ‘కా’ను తీసుకున్నాడు. ఆ పేర్లు ఏ వస్తువునూ తలపించవు కనుక మన పనికి బాగా సరిపోతాయి.

ఇప్పుడు మొదటి పంక్తిని పూర్తి వాక్యంగా రాయాలి: ‘కొన్న కలాల సంఖ్య యా అనుకుందాము.’ అప్పుడు పుస్తకాల సంఖ్య 20 − యా అవుతుంది. సమస్యలో ‘చొప్పున’ అనే మాట ఒక్కొక్క వస్తువు ధరను చెబుతోంది కనుక దానిని సంఖ్యతో గుణిస్తేనే రూపాయలు వస్తాయి. కలాలకు అయిన ఖర్చు 12యా రూపాయలు, పుస్తకాలకు అయిన ఖర్చు 35(20 − యా) రూపాయలు.

12యా + 35(20 − యా) = 447

సాధించే ముందు ప్రతి పదాన్నీ వేలుపెట్టి చూపుతూ ‘ఇవి రూపాయలేనా?’ అని అడగండి. మూడూ రూపాయలే కనుక సమీకరణం నిలుస్తుంది. 700 − 23యా = 447, అనగా 23యా = 253, యా = 11. కలాలు 11, పుస్తకాలు 9. సమస్యలోని మాటలతో సరిచూస్తే 132 + 315 = 447. చెల్లించిన సొమ్ము 450 రూపాయలని ఇచ్చి ఉంటే 23యా = 250 అయ్యేది; దానికి పూర్ణసంఖ్య జవాబు లేదు కనుక ఆ ధరలకు అటువంటి కొనుగోలు సాధ్యం కాదు.

‘రెట్లు’ అన్న మాట దగ్గర ఇంకొక పొరపాటు తరచుగా జరుగుతుంది. కలాల సంఖ్య పుస్తకాల సంఖ్యకు మూడు రెట్లు అన్నప్పుడు, కలాలు యా, పుస్తకాలు కా అయితే, ఎక్కువగా ఉన్నవి కలాలే కదా అని 3యా = కా అని రాసేస్తారు. పుస్తకాలు 2 అనుకుంటే కలాలు 6; ఆ విలువలు పెడితే 18 = 2 అని వస్తుంది. తక్కువ ఉన్నదానిని గుణిస్తేనే సమానత్వం కుదురుతుంది: యా = 3కా.

తెలియని రాశి రెండు పక్షాలలోనూ ఉండే సమస్య క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. సమానమైన ఆస్తి గల ఇద్దరి దగ్గర కొన్ని గుళికలు, కొంత రొక్కం ఉంటే, రొక్కాల తేడాను గుళికల తేడాతో భాగిస్తే ఒక గుళిక వెల వస్తుందని ఆర్యభటుడు సూత్రం చెప్పాడు. ఒకరి దగ్గర 7 గుళికలు, 30 రూపాయలు, మరొకరి దగ్గర 4 గుళికలు, 96 రూపాయలు ఉన్నాయనుకోండి. ఇక్కడ యా అంటే ఒక గుళిక వెల.

7యా + 30 = 4యా + 96

దీని నుంచి 3యా = 66, యా = 22. ఆ 66 రొక్కాల తేడా, 3 గుళికల తేడా. పదాలను పక్షాలు మార్చినప్పుడు మనం చేసే పని ఆ సూత్రం చెప్పినదే.

అభ్యాసానికి రెండు సమస్యలు ఇస్తున్నాను.

1. పెద్దల టిక్కెట్లు 3, పిల్లల టిక్కెట్లు 2 కలిపి 340 రూపాయలు. పెద్దలవి 2, పిల్లలవి 3 కలిపి 310 రూపాయలు. ఒక్కొక్క టిక్కెట్టు ధర ఎంత? రెండు సమీకరణాలను ఒకసారి కూడి, ఒకసారి తీసివేసి చూడండి.

2. 600 రూపాయలకు ఒకే రకం వస్తువులు కొన్ని కొన్నారు. ఒక్కొక్కటి 5 రూపాయలు తక్కువకు దొరికి ఉంటే అదే సొమ్ముకు మరో 4 వచ్చేవి. దీనిలో ధర, సంఖ్య రెండూ తెలియవు కనుక వర్గ సమీకరణం వస్తుంది. ప్రస్తుతానికి సమీకరణం రాయడం వరకే చేయండి. సాధించడం 4వ పాఠంలో చూద్దాము.