అమ్మ కుట్టిన పువ్వును బీరువాలో దాచకండి

ఆపరేషనయ్యి నెలల తరబడి మంచాన ఉన్న అమ్మ, లేచి మళ్ళీ సూది పట్టి ఒక్క పువ్వు కుట్టినా ఇంట్లో పండగే. ఆ గుడ్డకు ఫ్రేమ్ కట్టించండి. నెల్లూరు, ఒంగోలు లాంటి కోస్తా ఊళ్ళలో మాత్రం కాస్త జాగ్రత్త కావాలి.

ముందు తడిపిన తెల్లగుడ్డను దారం మీద అద్ది చూడండి. రంగు అంటితే ఉతకొద్దు. అంటకపోతే చన్నీళ్ళలో జాడించి, నీడన ఆరబెట్టి, తువ్వాలు మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీ చెయ్యండి. ముందువైపు చేస్తే కుట్టు అణిగిపోతుంది.

అట్టకు జిగురుతో అంటించొద్దు, కొన్నాళ్ళకు మరక పైకి తేలుతుంది. నాలుగువైపులా రెండేసి అంగుళాల గుడ్డ వదిలి వెనక్కి మడిచి, గట్టి దారంతో ఈ అంచు నుంచి ఆ అంచుకు నులకమంచం బిగించినట్టు లాగి కట్టండి. మధ్యలో మొదలుపెట్టి చివర్లకు రావాలి, లేకుంటే పువ్వు పక్కకు ఒరుగుతుంది.

షాపులో తప్పకుండా చెప్పాల్సింది ఒకటే: అద్దం గుడ్డకు తగలకూడదు, మధ్యలో పావు అంగుళం బద్ద వెయ్యాలి. తగిలితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే మన వానలకు లోపల చెమ్మ పట్టి బూజు మచ్చలొస్తాయి. వానకు తడిసే బయటి గోడ వద్దు. ఎండ పడని లోపలి గోడకు, ఆమె కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించండి.

వెనక అట్టమీద పేరు, తేదీ పెన్సిల్‌తో మనవలచేత రాయించండి. ఇంట్లో ఎవరైనా ముభావంగా తిరుగుతుంటే మేకు కొట్టే పని వాళ్ళకే అప్పజెప్పండి. ఎత్తు సరిచూసుకోవడానికైనా అమ్మతో నాలుగు మాటలు మాట్లాడక తప్పదు.